విశాఖపట్నంలో మూడు ఉదయాలు: పదకొండు గంటలలోపు ఏమేం చూడవచ్చు?

ఓరుగల్లు వాసి:

అందరికీ నమస్కారం. మాఘమాసంలో మా మేనకోడలి పెళ్లి విశాఖపట్నంలో జరుగుతున్నది. ఫిబ్రవరి రెండో వారంలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లవారేసరికి అక్కడ దిగుతాం. మూడు రోజులూ మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా పెళ్లివారి కార్యక్రమాలు వరుసగా ఉన్నాయి గనుక, మాకంటూ మిగిలేవి మూడు ఉదయాలు మాత్రమే. ఎక్కడికి వెళ్లినా పదకొండు గంటలకల్లా బసకు తిరిగివచ్చి, స్నానాలు ముగించి, పట్టుబట్టలు కట్టుకొని సిద్ధం కావాలి. బస ఆర్కే (రామకృష్ణ) బీచ్‌కు నడిచి వెళ్లేంత దగ్గరలోనే ఉంది.

మాతో వచ్చే మా అమ్మగారికి డెబ్బై ఏళ్లు. మోకాళ్ల నొప్పులున్నాయి. సింహాచలం దర్శనం తప్ప ఆవిడ మరేదీ అడగలేదు. పిల్లలలో ఒకరికి పన్నెండు, ఒకరికి ఎనిమిదేళ్లు. ఇద్దరూ ఇంతవరకు సముద్రం చూడలేదు. అంతర్జాలంలో దొరికే జాబితాలలో ఇరవై, ముప్పై చోట్ల పేర్లు ఉన్నాయి గాని, వాటిలో ఏది ఉదయం ఆరింటికి చూడదగినదో, ఏది ఆ వేళకు తాళం వేసి ఉంటుందో ఎవరూ రాయలేదు. ఊరు తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

తూర్పుతీరం:

ఆ జాబితాలు రాసినవారు బహుశా తొమ్మిదింటికి లేచే అలవాటు ఉన్నవారై ఉంటారు. నేను ఇరవై ఏళ్లుగా బీచ్ రోడ్డు మీద ఉదయపు నడక నడుస్తున్నాను. టికెట్టు పెట్టి చూసేవి ఒక్కటీ ఇక్కడి ఉదయానికి సరిపడవు. కురుసుర జలాంతర్గామినే తీసుకోండి. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో సేవ నుంచి విరమించి, 2002 నుంచి ఒడ్డున ప్రదర్శనశాలగా నిలిచి ఉన్న ఆ నౌకలోనికి మామూలు రోజులలో మధ్యాహ్నం తరువాతనే అనుమతిస్తారు. ఆదివారం మాత్రం పది గంటల ప్రాంతంలో కొంతసేపు తెరుస్తారు, సోమవారం సెలవు. ఈ వేళలు మారుతూ ఉంటాయి గనుక వచ్చాక ఒకసారి కనుక్కోండి. రోడ్డుకు అవతల ప్రదర్శనకు పెట్టిన నౌకాదళపు పాత టీయూ-142 విమానం సంగతీ అంతే. అయితే 91 మీటర్ల పొడవున్న జలాంతర్గామి ఇసుకలో నిలబడి ఉన్న దృశ్యం పిల్లలకు బయటినుంచి కూడా బాగానే కనిపిస్తుంది. దానికి టికెట్టు అక్కరలేదు.

కనుక గేట్లు తెరిచే వేళలను పక్కన పెట్టి, సూర్యుడిని, సముద్రాన్ని, పడవలను బట్టి మీ ఉదయాలను పేర్చుకోండి. ఫిబ్రవరి మధ్యలో ఇక్కడ సూర్యోదయం దాదాపు 6.25కు అవుతుంది. (జూన్ మొదట్లో వస్తే 5.25కే అవుతుంది, అప్పుడు పిల్లలను లేపడం మీ తరం కాదు.) గోవా వెళ్లినవారు సముద్రంలోకి దిగిపోయే సూర్యుడిని చూస్తారు, ఇక్కడ సముద్రంలోనుంచి లేచే సూర్యుడిని చూడాలి. మన తీరం నేరుగా తూర్పుకు కాక ఆగ్నేయానికి తిరిగి ఉండడంవల్ల, చలికాలంలో సూర్యుడు మనకు ఇంచుమించు ఎదురుగా నీటిమీద లేస్తాడు. వేసవి ముదిరేకొద్దీ ఎడమకు జరుగుతూ, కైలాసగిరి వైపు ఒడ్డు అంచుకు చేరుకుంటాడు. అందువల్ల మీరు వచ్చే నెల సూర్యోదయానికి చాలా అనువైనది. ఒక్క హెచ్చరిక ఏమిటంటే, నింగీ నీరూ కలిసేచోట సన్నని మబ్బు పట్టీ ఒకటి తరచుగా ఉంటుంది. సూర్యుడు దాని పైకి వచ్చేదాకా ఐదు పది నిమిషాలు ఓపిక పట్టాలి. అసలు రంగులన్నీ సూర్యోదయానికి ముందు పావుగంటలోనే ఉంటాయి కనుక ఆరింటికే ఇసుకలో ఉండండి.

బీచ్ రోడ్డు మీద కోస్టల్ బ్యాటరీ నుంచి పార్క్ హోటల్ వైపు ఉన్న భాగంలో తెల్లవారుజామున ఐదు గంటల నుంచి ఏడున్నర దాకా వాహనాలను ఆపివేస్తారు. అంత వెడల్పైన రోడ్డు మొత్తం నడిచేవారిదీ, స్కేటింగ్ నేర్చుకునే పిల్లలదీ అవుతుంది. మీ అమ్మగారు ఇసుకలోకి దిగనక్కరలేదు, రోడ్డు పక్కనున్న పిట్టగోడ మీద కూర్చుంటే సముద్రం కళ్లెదుటే ఉంటుంది. దగ్గరలోనే కాళీమాత గుడి ఉంది. ఈ తీరానికి పేరు తెచ్చిన రామకృష్ణ మిషన్ ఆశ్రమం కూడా ఆ పక్కనే ఉంది.

కొత్త ప్రయాణికుడు:

నా సలహా వేరు. ఒక ఉదయం కిరండూల్ రైలు ఎక్కి అరకు వెళ్లండి. 58 సొరంగాలు, 84 వంతెనలు దాటుకుంటూ వెళ్లే ఆ ప్రయాణం ముందు బీచ్ ఏపాటిది! అద్దాల పెట్టెలో చోటు దొరికితే ఇక చెప్పనక్కరలేదు. మేము పోయిన ఏడాది వెళ్లాం, పిల్లలు కిటికీ వదలలేదు.

పెందుర్తి మాస్టారు:

కొత్త ప్రయాణికుడు గారూ, ఆ రైలు గొప్పదనాన్ని నేను కాదనను. ఇనుప ఖనిజాన్ని జపానుకు ఎగుమతి చేసేందుకు 1960లలో కొండలు తొలిచి వేసిన దారి అది. ఖనిజం కోసం పుట్టిన దారి తరువాత విహారయాత్రికుల పాలైంది. కాని ఆ రైలు ఉదయం ఆరూ నలభై ఐదు ప్రాంతంలో బయలుదేరి, పదకొండింటికి ఇంచుమించు అరకులో ఉంటుంది. వీరు పదకొండింటికి పట్టుబట్టలలో ఉండాలి. పెళ్లికి వచ్చి ముహూర్తం తప్పించే సలహా ఇవ్వడం మనకు మర్యాద కాదు.

ఓరుగల్లు వాసి గారికి సింహాచలం గురించి రాస్తాను. ఆర్కే బీచ్ నుంచి ఆలయం సుమారు పదహారు, పదిహేడు కిలోమీటర్లు. కొండ దిగువనుంచి మెట్లదారి ఉంది, వెయ్యికి పైగా మెట్లు. మోకాళ్ల నొప్పులున్నవారికి ఆ ఆలోచనే వద్దు. కారు గాని దేవస్థానం బస్సు గాని కొండపైకే వెళుతుంది. తెల్లవారుజామున బయలుదేరితే ఊళ్లో రద్దీ ఉండదు, ఉదయపు దర్శనం మొదలయ్యే వేళకు వరుసలో ముందుంటారు, తొమ్మిదిన్నరకు తిరిగి రావచ్చు. శనివారం, ఆదివారం తప్పించండి.

అమ్మగారికి ముందుగా ఒక మాట చెప్పి ఉంచండి. ఆవిడ చూడబోయేది స్వామి నిజరూపం కాదు. వరాహ లక్ష్మీనరసింహస్వామి ఏడాది పొడవునా చందనం పూతలోనే, లింగాకారంలో కనిపిస్తారు. వైశాఖ శుద్ధ తదియనాడు, అంటే అక్షయ తృతీయనాడు మాత్రమే ఆ చందనాన్ని ఒలిచి నిజరూప దర్శనం చేయిస్తారు. ఆ రాత్రి నుంచి మళ్లీ పూత మొదలవుతుంది. ఆనాడు మూడు మణుగులు, ఆ తరువాత వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములలో విడతకు మూడు మణుగుల చొప్పున మొత్తం పన్నెండు మణుగుల చందనం సమర్పిస్తారు. మీరు వచ్చే ఫిబ్రవరి నాటికి పూత నిండుగా ఉంటుంది.

పిల్లలకు చూపించవలసినది శాసనాలు. గోడల మీద, స్తంభాల మీద ఉన్న వందలాది శాసనాలలో 1098 నాటి కులోత్తుంగ చోళుని కాలపు శాసనం ఒకటి. కళింగ దండయాత్ర సందర్భంగా శ్రీకృష్ణదేవరాయలు 1516లోనూ, మళ్లీ 1519లోనూ ఇక్కడికి వచ్చి కానుకలు సమర్పించిన సంగతి కూడా శాసనాలకెక్కింది. ముఖమండపంలో కప్పస్తంభాన్ని కౌగిలించుకొని మొక్కుకోవడం మీ అమ్మగారికి ఎవరూ చెప్పనక్కరలేదు, వరుసలో ఉన్న ఆడవాళ్లే చెబుతారు.

జాలరిపేట బిడ్డ:

అందరూ సూర్యోదయమంటున్నారు గాని, సూర్యుడి కన్నా ముందే లేచి పని మొదలుపెట్టే చోటు గురించి ఎవరూ రాయలేదు. ఫిషింగ్ హార్బర్ ఆర్కే బీచ్‌కు కొద్ది దూరంలోనే ఉంది. తెల్లవారుజామున నాలుగు, ఐదు గంటలకే మర పడవలు వరుసగా రేవుకు చేరి ఉంటాయి. కొన్ని ఆ రాత్రే వెళ్లి వచ్చినవి, కొన్ని వారం పది రోజులు సముద్రంలో ఉండి ఐసు పెట్టెలలో చేప నింపుకొని వచ్చినవి. వంజరం, చందువ, తూర, సొర, కానాగంతలు, రొయ్య, పీత ఇలా రకం వారీగా గట్టు మీద కుప్పలు పోసి వేలం పాడతారు. పాట నిమిషాలలో తేలిపోతుంది, కొత్తవారికి ఎవరు పాడారో, ఎవరు కొన్నారో కూడా అర్థం కాదు. ఆరున్నరకల్లా పెద్ద సరుకు లారీలకెక్కిపోతుంది. చిన్న సరుకును ఆడవాళ్లు గంపలకెత్తుకొని ఆటోలలో ఊళ్లోకి బయలుదేరతారు. మా అమ్మ ముప్పై ఏళ్లు అలాగే గంప మోసింది.

అందువల్ల కొన్ని విషయాలు సూటిగా రాస్తున్నాను. అక్కడ నేల తడిగా, జారుడుగా ఉంటుంది. కొత్త చెప్పులు, పొడవాటి చీరలు పనికిరావు, మీ అమ్మగారిని తీసుకురావద్దు. బరువు మోసుకొచ్చేవారి దారికి అడ్డంగా నిలబడవద్దు, వారు అరిస్తే అది కోపం కాదు, బరువు. ముక్కు మూసుకొని సెల్‌ఫోనుతో మనుషుల ముఖాలను తీసేవారిని నేను చాలామందిని చూశాను. మీ కార్యాలయానికి ఎవరో వచ్చి ముక్కు మూసుకొని మీ ఫొటో తీస్తే ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది. అడిగి తీసుకోండి, చాలామంది ఒప్పుకుంటారు, కొందరు నవ్వుతూ నిలబడతారు కూడా.

ఇంకొకటి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, చేపలు గుడ్లు పెట్టే కాలమని మన తూర్పు తీరమంతటా 61 రోజులు వేట నిషేధం ఉంటుంది. ఆ రోజులలో వచ్చేవారికి రేవులో కట్టేసిన పడవలు మాత్రమే కనిపిస్తాయి. మీరు ఫిబ్రవరిలో వస్తున్నారు గనుక ఇబ్బంది లేదు. హార్బర్ రద్దీ వద్దనుకుంటే పెదజాలరిపేట ఒడ్డుకు రండి. అక్కడ చిన్న పడవలు అలలను చీల్చుకుంటూ ఒడ్డుకు ఎక్కుతాయి. అల లేచే క్షణాన్ని చూసుకొని పడవను ఇసుక మీదకు తోయడం మీ పిల్లలు చాలాసేపు చూస్తారు.

ఓరుగల్లు వాసి:

జాలరిపేట బిడ్డ గారూ, మీరు చెప్పినవన్నీ గుర్తుపెట్టుకుంటాను. అమ్మగారిని బసలోనే ఉంచి, పిల్లలతో నేను ఒక్కడినే వస్తాను. మాస్టారు గారి వివరాలు చదివి వినిపిస్తే అమ్మ పన్నెండు మణుగుల లెక్క దగ్గర ఆగిపోయి, మణుగంటే ఎన్ని కిలోలో పిల్లలకు చెప్పసాగింది.

ఇంకో సందేహం. పిల్లలు స్నానం చేస్తామని ఇప్పటినుంచే గోల చేస్తున్నారు. ఆర్కే బీచ్‌లో ఉదయం పూట అలలు తక్కువగా ఉంటాయని విన్నాను. దింపవచ్చునా?

తూర్పుతీరం:

దింపవద్దు. చీలమండల దాకా తడపడానికి మించి ఆర్కే బీచ్‌లో ఎప్పుడూ దిగవద్దు. ఈ విషయంలో నేను మొహమాటపడను. అక్కడ ఒడ్డు ఒక్కసారిగా లోతుకు దిగిపోతుంది. అల వచ్చి కొట్టేటప్పటి బలం కన్నా, వెనక్కి పోయేటప్పుడు కాళ్లకింద ఇసుకను లాగే బలం ఎక్కువ.

కొత్తవారు మోసపోయేది నిమ్మళంగా కనిపించే నీటిని చూసి. ఒడ్డుకు తోసుకువచ్చిన నీరంతా తిరిగి వెళ్లేందుకు ఒక సన్నని దారి చేసుకుంటుంది. ఆ దారిలో అలలు విరగవు కాబట్టి, అటూ ఇటూ నురగ ఉన్నచోట కన్నా అదే భద్రంగా కనబడుతుంది. అందులో దిగినవారిని ఆ ప్రవాహం నేరుగా లోపలికి తీసుకుపోతుంది. ఎవరైనా అందులో చిక్కుకుంటే ఒడ్డువైపు ఎదురీదకూడదు, బలమంతా అక్కడే అయిపోతుంది. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ఆ ధారనుంచి బయటపడ్డాక ఒడ్డుకు రావాలి. ఈత వచ్చినవారిలో సైతం ఇది తెలియక ప్రాణాలు పోగొట్టుకున్నవారున్నారు.

ఈ బీచ్‌లో ఇసుక తరిగిపోవడానికి ఇంకో కారణం ఉంది. మన తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. 1970లలో బయటి ఓడరేవు కోసం కట్టిన అడ్డుగోడలు దక్షిణాన ఆ ఇసుకను ఆపేస్తున్నాయి. అందువల్ల తవ్వోడలతో (డ్రెడ్జర్లతో) తీసిన ఇసుకను తెచ్చి ఈ ఒడ్డున నింపుతూ ఉంటారు. కొన్ని నెలల్లో ఒడ్డు వెడల్పుగా, కొన్ని నెలల్లో మెట్టులా కోసుకుపోయి కనబడేది అందుకే.

అలల వెంట:

తూర్పుతీరం గారితో పూర్తిగా ఏకీభవిస్తూ, పిల్లల ఆశను నిలబెట్టే దారి ఒకటి చెబుతాను. ఋషికొండ బీచ్‌కు 2020లో, శుభ్రత, భద్రత చూసి ఇచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. అక్కడ స్నానానికి హద్దులు గుర్తించిన చోటు ఉంటుంది, ప్రాణరక్షకులు ఉంటారు, బట్టలు మార్చుకునే గదులు ఉంటాయి. ప్రాణరక్షకులు విధుల్లోకి వచ్చారని చూసుకున్న తరువాతనే పిల్లలను దింపండి, వారు గీసిన హద్దు దాటనివ్వకండి. ఎర్ర జెండా ఉన్నరోజు వెనక్కి తిరిగి రావడమే.

నేను అక్కడ కయాకింగ్ నేర్చుకున్నాను. ఉదయం ఎనిమిదిన్నర, తొమ్మిది దాకా నీరు నునుపుగా ఉండడానికి కారణం గాలి. రాత్రంతా చల్లబడిన నేల మీదినుంచి సముద్రంవైపు మెల్లగా గాలి వీస్తుంది. ఎండ ఎక్కి నేల వేడెక్కాక గాలి తిరగబడి సముద్రం మీదినుంచి ఒడ్డుకు వీస్తుంది, నీటి మీద గరుకు లేస్తుంది. మీ పన్నెండేళ్లవాడు లైఫ్ జాకెట్టు వేసుకొని శిక్షకుడితో కలిసి అరగంట తెడ్డు వేయవచ్చు. ఎనిమిదేళ్లవాడిని మాత్రం ఇసుకలో కూర్చోబెట్టడమే మంచిదని నా అభిప్రాయం.

యారాడ బీచ్ గురించి ఎవరైనా చెప్పి ఊరిస్తారేమో, మూడు వైపులా కొండలతో చూడడానికి అంత అందమైన ఒడ్డు ఈ చుట్టుపక్కల లేదు. కాని అక్కడ కూడా స్నానం ప్రమాదకరమే.

ఎర్రమట్టి:

నేను భూగర్భశాస్త్రం చదివినవాడిని, నా పేరు చూస్తేనే మీకు అర్థమై ఉంటుంది. భీమిలి దారిలో రెండు చోట్లు చెబుతాను. రెండూ ఉదయపు ఎండలోనే చూడాలి.

మొదటిది ఎర్రమట్టి దిబ్బలు. ఊరికీ భీమిలికీ మధ్య, సముద్రాన్ని ఆనుకొని ఉంటాయి. పేరులో మట్టి ఉన్నా అది నిజానికి ఇసుక. ఇసుక రేణువుల చుట్టూ ఇనుము తుప్పు పొరలా పట్టడంవల్ల ఆ ఎరుపు వచ్చింది. వేలాది సంవత్సరాల కాలంలో సముద్రమట్టం పడుతూ లేస్తూ ఉండగా, గాలి తెచ్చి పోసిన ఇసుక ఇలా గట్టిపడి, ఆపై వాననీటికి కోసుకుపోయి లోతైన గండ్లుగా మారింది. దక్షిణాసియాలో ఇలాంటి ఎర్ర ఇసుక మేటలు ఇక్కడ కాక తమిళనాడు, శ్రీలంకలలో మాత్రమే చెప్పుకోదగ్గవిగా ఉన్నాయి. 2014లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దీనిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. ఎండ ఏటవాలుగా పడే ఏడు, ఎనిమిది గంటల మధ్య ఒక్కో గండి గోడ ఒక్కో ఛాయలో ఉంటుంది, పదింటికి వెళితే అంతా ఒకే రంగు, పైగా నీడ ఉండదు. గండ్ల అంచుల మీదికి ఎక్కవద్దు, పిల్లలు గోడల మీద పేర్లు గీకకుండా చూసుకోండి. ఒక వానకు కరిగిపోయే గోడ అది.

రెండోది తొట్లకొండ. కొండమీద రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లనే ఆ పేరు వచ్చింది. 1976లో నౌకాదళం వైమానిక సర్వే చేస్తున్నప్పుడు ఈ శిథిలాలు బయటపడ్డాయి. 1988 నుంచి 1993 దాకా రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. సముద్రమట్టానికి 128 మీటర్ల ఎత్తున, రెండు వేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు వానాకాలంలో ఉండిపోయేందుకు కట్టుకున్న ఆవాసం అది. స్తూపం, చైత్యగృహాలు (ప్రార్థనా మందిరాలు), వరుసగా గదులు, వంటశాల, భోజనశాల, వాన నీటిని పట్టి ఉంచే తొట్లు అన్నీ పునాదులతో సహా కనిపిస్తాయి. శాతవాహన నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా అక్కడ దొరికాయని చెబితే మీ పెద్దవాడు సముద్రం వైపు తిరిగి చూస్తాడు. ఓడలు వచ్చిన దారి అదే మరి. కారు కొండమీది దాకా వెళుతుంది. గేటు తెరిచే వేళ మాత్రం ముందురోజే కనుక్కోండి.

తొట్లకొండ దిగువన మంగమారిపేట ఒడ్డున, కెరటాలు కోసిన సహజ శిలాతోరణం ఉంది. పాటు సమయంలో, అంటే నీరు వెనక్కి తగ్గినప్పుడే దాని దగ్గరకు నడవగలం. ఆటుపోట్ల వేళ రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది గనుక మీరు వచ్చే రోజున పాటు ఎప్పుడో పట్టిక చూసుకోవాలి. నీరు తగ్గినప్పుడు రాళ్ల మధ్య నిలిచిన గుంటలలో సన్యాసి పీతలు, పువ్వుల్లా కనిపించే ఎనిమోనులు అనే సముద్రజీవులు, రాళ్లకు అంటుకున్న గుల్లలు కనిపిస్తాయి. వాటిని చేతికి తీసుకోకుండా చూడండి. అన్నట్టు, భీమిలిలో డచ్చివారి సమాధులు, 1861లో ఏర్పడిన పాత పురపాలక సంఘం, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు ఉన్నాయి గాని, పదకొండింటి గడువులో అంత దూరం తొందరపడి వెళ్లడం నాకు నచ్చదు.

వంటింటి కబుర్లు:

ఇంతసేపూ ఒక్కరూ ఫలహారం గురించి రాయలేదంటే ఇది తెలుగువారి చర్చేనా అని అనుమానం వచ్చింది. బీచ్ రోడ్డులో ఉదయం నడిచేవారికోసం బండ్ల మీద చోడి అంబలి అమ్ముతారు. మీ వైపు రాగులంటారు, ఇక్కడ చోళ్లు. మజ్జిగ, ఉల్లిపాయ ముక్కలు కలిపి ఇస్తారు, చక్కెర వేసుకోమని ఎవరైనా చెబితే వినకండి.

రెండోది వాసెనపోలి. గిన్నె మూతికి కట్టే గుడ్డను వాసెన అంటారు. కింద నీళ్లు మరుగుతుంటే, ఆ గుడ్డ మీద పిండి పోసి ఆవిరికి ఉడికించే పాతకాలపు ఇడ్లీ ఇది. ఇప్పుడు కొన్నిచోట్ల ఆకు దొన్నెలలో పోసి, చోడి, జొన్న పిండితో కూడా చేస్తున్నారు. అల్లం పచ్చడితో వేడివేడిగా తినాలి. పళ్లు లేనివారికి కూడా పనికొచ్చే ఫలహారం, మీ అమ్మగారికి బాగా నచ్చుతుంది. తొమ్మిది దాటితే అడుగంటుతుంది కాబట్టి సూర్యోదయం కాగానే నేరుగా అక్కడికే వెళ్లండి. పెళ్లిభోజనం ముందుందని గుర్తుంచుకొని నాలుగుతో ఆపండి.

ఇసుకలో అడుగులు:

నేను తాబేళ్ల సంరక్షణలో స్వచ్ఛందంగా పనిచేసేవాడిని. మీరు వచ్చే నెల ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం. ఆడ తాబేలు రాత్రిపూట ఒడ్డెక్కి, వెనుక కాళ్లతో గొయ్యి తవ్వి, వందకు పైగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, గంటలోపే సముద్రంలోకి వెళ్లిపోతుంది. కుక్కలు తవ్వి తినకముందే అటవీ శాఖ కాపలాదారులు తెల్లవారుజామున ఒడ్డు వెంట నడిచి, గుడ్లు ఏరి, జోడుగుళ్లపాలెం వంటి చోట్ల కంచె వేసిన సంరక్షణ కేంద్రాలలో మళ్లీ పాతిపెడతారు. ఆరింటికి ముందు ఒడ్డుకు వస్తే చిన్న ట్రాక్టరు చక్రం వెళ్లినట్టుగా నీటినుంచి పైకి, పైనుంచి నీటికి రెండు జాడలు కనిపించవచ్చు. అవి కనిపిస్తే తొక్కకుండా పక్కన నిలబడి చూడండి. గొయ్యి తవ్వి చూడాలని పిల్లలకు బుద్ధి పుడుతుంది, అది నేరం. ఈ జాతికి వన్యప్రాణి చట్టంలో అత్యున్నత రక్షణ ఉంది. టార్చిలైటు వేయవద్దు.

ఓరుగల్లు వాసి:

నిన్న తిరిగి వచ్చాం. సలహాలిచ్చినవారికి ఏం జరిగిందో చెప్పడం నా బాధ్యత.

మొదటి రోజు రైలు గంటన్నర ఆలస్యమైంది, సూర్యోదయం అనకాపల్లి దాటాక కిటికీలోంచి చూశాం. మాకు మిగిలింది వాసెనపోలి ఒక్కటే. అమ్మ నాలుగుతో ఆపలేదు.

రెండో రోజు సింహాచలం. ఐదింటికి బయలుదేరి, ఎనిమిదిన్నరకు కొండ దిగాం. కప్పస్తంభం దగ్గర మాస్టారు గారు చెప్పినట్టే, ముందున్న ఒక పెద్దావిడ మా అమ్మ చేతులు పట్టుకొని స్తంభం చుట్టూ వేయించింది. శాసనాల ముందు పెద్దవాడు పది నిమిషాలు నిలబడి రెండు అక్షరాలు చదవగలిగాడు, అవి తెలుగో కాదో నాకూ తెలియలేదు.

మూడో రోజు ఐదింటికి పిల్లలతో హార్బర్‌కు వెళ్లాను. అరగంటకు మించి ఉండలేకపోయాం. చిన్నవాడు వాసనకు కాదు, గట్టు మీద ఇంకా కదులుతున్న పీతలకు భయపడ్డాడు. ఫొటోలు తీయలేదు. అక్కడినుంచి పెదజాలరిపేట ఒడ్డుకు వచ్చాం, పడవలు ఎక్కడం చూస్తూ పిల్లలు గంటసేపు కదలలేదు. సూర్యుడు మబ్బు పట్టీ వెనుకనుంచి లేచాడు. ఒడ్డెక్కిన పడవలోనుంచి ఒకాయన దిగి, చిన్నవాడి చేతిలో ఒక గుల్ల పెట్టి వెళ్లిపోయాడు. తొట్లకొండ, ఋషికొండ రెండూ మిగిలిపోయాయి. స్నానం చేయించలేదని పిల్లలు ఇంకా అలిగే ఉన్నారు.

జోడుగుళ్లపాలెంలో కంచె లోపల పాతిన గుడ్లను కూడా చూపించాను. ప్రతి గుంట పక్కన తేదీ రాసిన పుల్ల పాతి ఉంది. మేము చూసిన పుల్ల మీద అంతకు ముందు రోజు, ఫిబ్రవరి 12వ తేదీ ఉంది. అవి ఎప్పుడు బయటికి వస్తాయని చిన్నవాడు అప్పటినుంచీ అడుగుతున్నాడు.

ఇసుకలో అడుగులు:

ఇసుక వేడిని బట్టి నలభై ఐదు నుంచి యాభై ఐదు రోజులు పడుతుంది. ఫిబ్రవరి 12నాటి గుడ్లయితే మార్చి చివరి రోజులు మొదలుకొని ఏప్రిల్ 8 లోపల పిల్లలు ఇసుక పైకి వస్తాయి. వచ్చిన రోజున తెల్లవారగానే, ఎండ ఎక్కకముందే, నీటి అంచుకు కొద్ది దూరంలో విడిచిపెడతాం; ఆ నాలుగు బారల దూరం అవి స్వయంగా నడవాలి. ఆ ఉదయం నేను ఒడ్డున ఉంటే ఇక్కడే రాస్తాను, చిన్నవాడికి చదివి వినిపించండి.